బస్తాల లెక్క సరే, గిన్నెలో చిక్కదనం ఏదీ?

సంపాదకులకు,

పేద పల్లెల్లో పసిపిల్లల పోషకాహార లోపం మాట వచ్చినప్పుడల్లా ఎన్ని బస్తాల పిండి పంపారు, ఎంతమందికి అందింది అన్న లెక్కలే వినిపిస్తాయి. ఆ పిండి గిన్నెలోకి వచ్చేసరికి ఎంత పలచనైందో ఎవరూ అడగరు. రెండేళ్లలోపు బిడ్డ విషయంలో ముందు అడగాల్సింది అదే.

పసిబిడ్డ పొట్ట చాలా చిన్నది. ఒంటి బరువులో కిలోకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. 10 కిలోల బిడ్డకు ఒక పూటకు 300 మిల్లీలీటర్లు, అంతే. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు పైఆహారం నుంచి 6-8 నెలల వయసులో రోజుకు సుమారు 200 కిలోకేలరీలు, 9-11 నెలల్లో 300, ఏడాది నుంచి రెండేళ్ల దాకా 550 కావాలి. నీళ్లలా జారే జావలో గ్రాముకు 0.4 కిలోకేలరీ ఉంటే గొప్ప. ఆ జావతోనే 550 అందాలంటే ఏడాదిన్నర బిడ్డ దాదాపు 1,400 మిల్లీలీటర్లు తాగాలి, అంటే ఐదు పూటలు గొంతుదాకా. అదే గ్రాముకు 0.8 కిలోకేలరీ ఉండేలా చిక్కగా వండితే 700 మిల్లీలీటర్లలోపే సరిపోతుంది. మూడు పూటల్లో అయిపోతుంది. ‘కడుపు నిండా పెట్టాను’ అని తల్లి చెప్పేది అబద్ధం కాదు. కడుపు నిండింది, కానీ ఎక్కువగా నీళ్లతో.

చిక్కదనం చూడటానికి పరికరాలేవీ అక్కర్లేదు. చెంచాతో తీసి పక్కకు వంచితే ముద్ద నిలవాలి. ధారగా కారిందంటే పలచన. చిక్కగా వండితే బిడ్డ మింగలేడన్న భయంతోనే తల్లులు నీళ్లు పోస్తారు. ఆ భయం న్యాయమైనదే. దానికి మందు మొలకెత్తిన గింజల పిండి. గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, మొలకలూ వేర్లూ పూర్తిగా రాల్చేసి (కొన్ని ధాన్యాల మొలకల్లో విషపదార్థం ఉంటుంది, ఈ పని వదలకూడదు) దోరగా వేయించి విసరాలి. ఎక్కువ మాడిస్తే అందులోని, ముద్దను జారుగా మార్చే ఎంజైము చచ్చిపోతుంది. చిక్కగా వండిన జావను పొయ్యి మీద నుంచి దించి, మరుగు తగ్గాక ఈ పిండి ఒక చెంచాడు కలిపితే కొద్ది నిమిషాల్లో ముద్ద జారుగా మారుతుంది. నీళ్లు చేరలేదు కాబట్టి బలం తగ్గదు. తర్వాత మళ్లీ ఒక పొంగు రానివ్వాలి. సలసలా మరిగేటప్పుడే వేసి ‘ఇది పని చెయ్యదు’ అని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ వేడికి ఎంజైము నిలవదు.

దీనికితోడు పూటకు ఒక చెంచాడు నూనె. 5 మిల్లీలీటర్ల నూనె సుమారు 40 కిలోకేలరీలిస్తుంది. అంతకు మించి పోస్తే కేలరీలు పెరుగుతాయి కానీ ఆ మేరకు ఇనుము, జింకు, మాంసకృత్తుల వాటా తగ్గిపోతుంది. మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు కలిపితే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. కానీ 6 నెలల తర్వాత బిడ్డకు కావాల్సిన ఇనుమూ జింకూ ఒక్క ధాన్యం, పప్పులతో అందడం కష్టం. గుడ్డో, చేపో, మాంసమో కొంచెమైనా పడాలి. వాటిని బొత్తిగా ముట్టని ఇళ్లలో సూక్ష్మపోషకాల పొడి తప్పనిసరి.

పెట్టే తీరు కూడా ఇంత ముఖ్యమైనదే. పెద్దపిల్లలతో ఒకే పళ్లెంలో కూర్చోబెడితే చిన్నవాడికి మిగిలేది అడుగూ బొడుగే. వాడికి విడిగా ఒక గిన్నె ఉంటే ఎంత తిన్నాడో తల్లికి కంటికి కనపడుతుంది. 6-8 నెలల్లో రోజుకు రెండు మూడు పూటలు, 9 నెలల నుంచి మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు. తల్లి పనికి వెళ్తే పొద్దున వండింది సాయంత్రం దాకా ఉంచకూడదు. రెండు గంటలు దాటిన తడి ఆహారంలో క్రిములు చేరతాయి, విరేచనాలు పట్టుకుంటాయి, సంపాదించిన బరువంతా వారంలో పోతుంది. విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్‌తోపాటు 6 నెలలు నిండిన బిడ్డకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకు 10, పది నుంచి పధ్నాలుగు రోజులు వేయాలి. విరేచనాలు ఆగగానే బిళ్లలూ ఆపేయడం సర్వసాధారణమైన పొరపాటు. జబ్బులో తిండి మాన్పించడం అంతకన్నా పెద్ద పొరపాటు. తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితేనే పోయిన బరువు తిరిగొస్తుంది.

ఇక కొలతల సంగతి. 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకన్నా తక్కువుంటే తీవ్ర లోపం (కొలత టేపు మీద ఎరుపు రంగు). 115 నుంచి 125 లోపు ఒక మోస్తరు లోపం (పసుపు రంగు). వయసు సరిగ్గా తెలియని ఇళ్లలో ఈ టేపు ఎంతో మేలు. కానీ సరిగ్గా పెట్టాలి. ఎడమ చేతిని మోచేతి దగ్గర మడిచి, భుజం కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, ఆ తర్వాత చేతిని వదులుగా వేలాడనిచ్చి కొలవాలి. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు, కింద సందూ ఉండకూడదు. చొక్కా చేతి మీద నుంచి కొలిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ చూపించి, ఎరుపులో ఉండాల్సిన బిడ్డ పసుపులోకి పోతాడు. ఆ రెండు మిల్లీమీటర్లే ఒక్కోసారి ప్రాణం.

రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి చూడటం కూడా మరవకూడదు. గుంట పడి అలాగే ఉండిపోతే జబ్బ కొలత ఎంతున్నా అది తీవ్ర లోపమే. ఒళ్లు చేశాడని ఇంట్లో సంబరపడే వాపు అది.

తీవ్ర లోపం ఉన్నా ఆకలి బాగుండి, జ్వరం, వాపు లాంటివి లేని బిడ్డకు ఇంటి దగ్గరే వైద్యం చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థలు 2007లోనే ఉమ్మడిగా ప్రకటించాయి. వండకుండా నేరుగా తినిపించే 92 గ్రాముల చికిత్సాహార పొట్లంలో 500 కిలోకేలరీలుంటాయి. 6 కిలోల బిడ్డకు రోజుకు రెండు నుంచి రెండున్నర. ముందు తల్లిపాలు, తర్వాత పొట్లం, పక్కన తాగడానికి మంచినీళ్లు. అన్నకూ అక్కకూ పంచితే వైద్యం సాగుతూనే ఉంటుంది, బిడ్డ మాత్రం కోలుకోడు. అందుకే ఆ ఇంట్లోని మిగతా పిల్లల తిండికి కూడా ఏర్పాటు జరగాలి. తినడానికి నిరాకరించే బిడ్డను, మగతగా ఉన్న బిడ్డను, వాపున్న బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అలాంటి బిడ్డకు జాలిపడి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా, ద్రవాలు గబగబా పట్టించినా గుండె తట్టుకోలేదు. ఆసుపత్రిలో కూడా మొదట 100 మిల్లీలీటర్లకు 75 కిలోకేలరీలుండే పాలతోనే, కొద్దికొద్దిగా, రాత్రిళ్లు కూడా ఆపకుండా మొదలుపెట్టేది అందుకే.

పోషణ పథకాలు నడిపేవారికి మా విన్నపం ఇది. తనిఖీకి వెళ్లినప్పుడు గోదాము పుస్తకం చూడండి, కానీ ఆ ఊళ్లో రెండేళ్లలోపు పిల్లలున్న నాలుగు ఇళ్లకు భోజనవేళ వెళ్లి చెంచా వంచి కూడా చూడండి. పోషణ కేంద్రంలో వడ్డించే భోజనం నడిచి రాగలిగిన పిల్లలకే అందుతుంది, బక్కచిక్కిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న పసివాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. ప్రతి తల్లికీ ఒక జబ్బ కొలత టేపు ఇచ్చి, కొలవడం నేర్పి, నెలకోసారి చూసుకోమనండి. పసుపు రంగు కనపడ్డ రోజే ఆమె ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏ రోజుల్లో వాళ్లు ఉంటారో ఆ టేపు వెనకే రాసి ఇవ్వండి.

– శిశు పోషణ రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు