వీడియో పంపమనే ముందు ఒరిజినల్ దాచమనండి

సంపాదకులకు నమస్కారం.

‘మీ ఊరి సమస్యల ఫొటోలు, వీడియోలు మా వాట్సాప్ నంబరుకు పంపండి’ అని జిల్లా పేజీలో మీరు వేస్తున్న బాక్సు గురించే ఈ ఉత్తరం. లాఠీచార్జి అయినా, ఇళ్ల కూల్చివేతలో తోపులాట అయినా, ఠాణా బయట కొట్టిన దెబ్బలైనా ఇప్పుడు ముందు బయటపడేది ఎవరో ఒకరి ఫోన్‌లోంచే. ఆ బాక్సు ఉండాల్సిందే. అయితే అందులో ఉండాల్సిన నాలుగు ముక్కలు లేవు. అవి లేకపోవడం వల్ల పాఠకుడి వీడియో మీ పేజీలో వార్తగా నిలుస్తోంది గానీ కోర్టులో నిలవడం కష్టమవుతోంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో, ఫోన్ తీసిన వీడియో ఒకటి కావు. యాప్ దాన్ని కుదించి కొత్త ఫైలు తయారు చేసి పంపుతుంది. ‘హెచ్‌డీ’ నొక్కితే కుదింపు తగ్గుతుంది, ఆగదు. ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు, ఏ ఫోన్‌తో తీశారు అనే వివరాలు అసలు ఫైలు లోపల ఉంటాయి. ఈ దారిలో అవి చాలావరకు రాలిపోతాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్‌ల నుంచి దించుకున్నవాటి సంగతీ అంతే. మీ డెస్కుకు వచ్చిన ఫైలు పేరు ఒకసారి చూడండి. ‘వీఐడీ-20250612-డబ్ల్యూఏ0007’ తరహాలో ఉంటుంది. డబ్ల్యూఏ అంటే వాట్సాప్. మధ్యలోని ఎనిమిది అంకెలు వాట్సాప్‌లో చేతులు మారిన తేదీ. తీసిన తేదీ అదే కావాలని లేదు. ఇలాంటి ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి కోర్టుకిస్తే ముద్దాయి తరఫు లాయరు అడిగే మొదటి ప్రశ్న ‘ఇది మీరు తీసిందా, మీకు వచ్చిందా?’ అని. రెండో జవాబు చెప్పిన సాక్షి దగ్గర ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

సోషల్ మీడియాతో ప్రభుత్వాలు కదులుతాయన్నది నిజమే. మణిపూర్‌లో 2023 మే 3న ఇంటర్నెట్ ఆపేశారు. మర్నాడే ఇద్దరు మహిళల్ని వివస్త్రలను చేసి ఊరేగించారు. మే 18న జీరో ఎఫ్‌ఐఆర్ (ఘటన తమ పరిధిలోది కాకపోయినా ఠాణా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) నమోదైంది. అయినా జులై 19న వీడియో బయటికొచ్చేదాకా కదలిక లేదు. మర్నాడు సుప్రీంకోర్టు తనంతట తానే స్పందించింది, ప్రధాన నిందితుణ్ని పట్టుకున్నారు. ఎఫ్‌ఐఆర్ రెండు నెలల్లో చేయలేని పని వీడియో ఒక్క రోజులో చేసింది. కానీ అది చేసింది కదిలించే పని. శిక్ష వేయించే పని వేరు. లిబియాలో అల్ వెర్ఫల్లీ అనే కమాండర్‌పై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2017 ఆగస్టు 15న వారెంటు ఇచ్చింది. 7 ఘటనల్లో 33 మందిని చంపాడన్నది ఆరోపణ, ముఖ్యమైన ఆధారం సోషల్ మీడియాలో పెట్టిన వీడియోలు. దాన్ని గొప్ప మలుపుగా చెప్పుకుంటారు. అతను 2021లో హతమయ్యాడు, విచారణే జరగలేదు. అంటే ఆ వీడియోలు క్రాస్ ఎగ్జామినేషన్‌కు ఎన్నడూ నిలబడాల్సి రాలేదు. అమెరికాలో పోలీసు చేతిలో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కేసు అలా కాదు. 2020 మే 25న ఆ వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టిన పదిహేడేళ్ల డార్నెల్లా ఫ్రేజియర్, మరుసటి ఏడాది కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది. తీసిన మనిషి, తీసిన ఫోను, తీసిన ఫైలు, ఈ మూడూ ఒక దారంలో ఉంటేనే కేసు బలపడుతుంది.

ఇక మన చట్టం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలో దీన్నే 65-బి సర్టిఫికెట్ అనేవాళ్లం. కొత్త నమూనాలో రెండు భాగాలున్నాయి. పార్ట్-ఎ ఫైలు ఇచ్చేవారు నింపాలి. అందులో ఏ తరహా పరికరం, కంపెనీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య), అది తన అధీనంలో సవ్యంగా పనిచేస్తోందన్న ప్రకటన, ఫైలు హ్యాష్ విలువ (అదేమిటో కింద చెబుతాను) రాయాలి. పార్ట్-బి నిపుణుడు నింపాలి. అది సామాన్యుడి చేతిలో పని కాదు, దాన్ని దర్యాప్తు అధికారో న్యాయవాదో చూసుకోవాలి. పార్ట్-ఎకి కావలసినవన్నీ మాత్రం వీడియో తీసిన రోజే పది నిమిషాల్లో రాసిపెట్టుకోవచ్చు. ఆలస్యమైతే ఫోన్ పాడవుతుంది, లేదా పండక్కి ఎక్స్ఛేంజ్‌లో వెళ్లిపోతుంది. విచారణ ఏళ్ల తరబడి సాగే దేశంలో ఇది చిన్న ప్రమాదం కాదు. ఐఎంఈఐ కోసం డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే చాలు, అట్టపెట్టె మీద కూడా ఉంటుంది.

సర్టిఫికెట్ లేదని ఆశ వదులుకోనక్కరలేదు. అర్జున్ పండిట్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు (2020 జులై 14) రెండు సంగతులు చెప్పింది. అసలు ఫోన్‌నే కోర్టులో పెట్టి, దాని యజమాని బోనెక్కి చెబితే సర్టిఫికెట్ అక్కరలేదు. విచారణ ముగిసేలోగా సర్టిఫికెట్ తెప్పించుకునే వీలూ ఉంది. అది పాత చట్టం మీద వచ్చిన తీర్పే అయినా ఫోన్ అమ్మొద్దని చెప్పడానికి అదే పెద్ద కారణం.

హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో తీస్తే 64 అక్షరాలూ అంకెలూ కలిసిన వరస వస్తుంది. వీడియోలో ఒక్క ఫ్రేము మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. విండోస్ కంప్యూటర్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) కమాండ్ ఇచ్చి ఫైలు దారి రాస్తే క్షణాల్లో వస్తుంది. ఫైలు పేరు మార్చినంత మాత్రాన హ్యాష్ మారదు. చాలామంది దీనికి అనవసరంగా భయపడతారు. కోస్తే, తిప్పితే, ఎడిటింగ్ యాప్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే మారుతుంది. దీనికి భయపడాలి. ముఖాలు మసకబరచాల్సి వస్తే నకలు తీసి దాని మీద చేయాలి, అసలు జోలికి పోకూడదు.

అందరూ తడబడే చోటు ఇంకొకటుంది. ఫోన్ వీడియోల ఎంపీ4 ఫైలు లోపల సమయం సాధారణంగా అంతర్జాతీయ కాలమానం ప్రకారం నమోదవుతుంది. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. సాయంత్రం 6 గంటల లాఠీచార్జి ఫైలు లోపల మధ్యాహ్నం 12.30గా కనిపించవచ్చు. ఫిర్యాదులో ఒక టైము, ఫైలులో ఒక టైము అంటూ ముద్దాయి లాయరు లేవనెత్తితే జవాబు తెలియని సాక్షి అక్కడే కూలిపోతాడు. నిజానికి ఆ తేడా ఫైలు అసలుదనడానికే ఉపయోగపడుతుంది, చెప్పడం తెలియాలి.

తీసేటప్పుడు ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి, ఆపకుండా తీయాలి. ఆపి ఆపి తీసిన మూడు ముక్కలుంటే మధ్యలో ఏం జరిగిందన్న ప్రశ్న తప్పదు. దుకాణం బోర్డో, కిలోమీటరు రాయో, బస్సు మీది డిపో పేరో ఫ్రేములో పడేలా ఒక్కో చోట పది సెకన్లు నిలపాలి. వ్యాఖ్యానం వద్దు. మనం అరిచే మాటలే రేపు మనకు అడ్డొస్తాయి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. 1080పీలో నిమిషానికి 130 ఎంబీ దాకా పడుతుంది, 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో దాదాపు రెండు గంటలు పడుతుందన్నమాట. ఫోన్ నుంచి కంప్యూటర్‌కు కేబుల్‌తో కాపీ చేయడం అన్నిటికంటే మేలు. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ‘స్టోరేజ్ సేవర్’లో ఉంటే అదీ కుదిస్తుంది, ‘ఒరిజినల్ క్వాలిటీ’ పెట్టుకోవాలి. వాట్సాప్ తప్ప వేరే దారి లేకపోతే గ్యాలరీ గుర్తు కాకుండా ‘డాక్యుమెంట్’ గుర్తు నొక్కి పంపాలి, 2 జీబీ దాకా వెళ్తుంది. ఆపైన పంపిన ఫైలు, చేరిన ఫైలు హ్యాష్‌లు సరిచూడాలి. కొన్ని ఫోన్లు పంపేటప్పుడు లొకేషన్ వివరం తీసేస్తాయి, అప్పుడు హ్యాష్ కలవదు.

యూట్యూబ్‌లో పెట్టేశాం, భద్రంగా ఉందనుకోవడం కూడా పొరపాటే. 2017లో సిరియా యుద్ధ వీడియోలను యూట్యూబ్ యంత్రమే ఉగ్రవాద ప్రచారమనుకుని పెద్ద సంఖ్యలో తొలగించింది. హక్కుల సంఘాలు మొత్తుకున్నాక కొన్నింటిని తిరిగి పెట్టారు. మన 2021 ఐటీ నిబంధనల ప్రకారం కంపెనీ తొలగించిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు దాచాలి. పెట్టినవాడే భయపడి డిలీట్ చేసుకుంటే ఆ నిబంధన ఆదుకోదు.

పోలీసు కెమెరాల్లో ఎలాగూ ఉంటుందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం ఠాణాలో చిత్రహింసలకు గురై తండ్రీకొడుకులు చనిపోయారు. విచారణకు వెళ్లిన మెజిస్ట్రేటు చూస్తే సీసీ కెమెరాల హార్డ్‌డిస్క్ 1 టీబీ. చోటు బోలెడుంది. అయినా రికార్డింగ్ ఏ రోజుకారోజు చెరిగిపోయేలా సెట్ చేసి పెట్టారు. అదే ఏడాది డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఠాణాల ఫుటేజీ 18 నెలలు ఉంచాలని, వీలుకాని చోట కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి సంఘటన జరిగిన వారంలోపే ఫలానా తేదీ, ఫలానా గంటల ఫుటేజీ భద్రపరచాలని ఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలన్నా గడువు ఏడాదే. 1993 చట్టంలోని సెక్షన్ 36(2) ఆ తర్వాత తలుపు మూస్తుంది. ఫీజు లేదు, జాతీయ కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు.

వీడియో కింద రాసే రాత వల్లనే ఎక్కువమంది ఇరుక్కుంటున్నారు. ఫ్రేములో కనిపించేది రాయండి, ఊహించింది రాయకండి. ‘ఫలానా ఎస్సై ఇద్దర్ని చంపేశాడు’ అని రాసి, ఒకరు ఆసుపత్రిలో కోలుకుంటే పుకారు పుట్టించారంటూ కేసు పెట్టడానికి దారి మనమే ఇచ్చినట్టు. అయితే ప్రతి పోస్టుకూ ఎఫ్‌ఐఆర్ కట్టే అధికారం పోలీసులకు లేదు. మాటలు, రాతలకు సంబంధించిన నేరాల్లో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు పడేవైతే, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(3) కింద 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయడమే సముచితమని సుప్రీంకోర్టు 2025 మార్చి 28న చెప్పింది. రాజకీయ విమర్శ ఎంత కటువుగా ఉన్నా రక్షణ ఉందని, యాంత్రికంగా అరెస్టులు వద్దని తెలంగాణ హైకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో మార్గదర్శకాలే ఇచ్చింది. నోటీసు వస్తే ఈ రెండు తీర్పులూ లాయరు చేతిలో పెట్టండి. ఆన్‌లైన్ రాతలపై కేసులకు వాడిన, 2015లో కొట్టేసిన ఐటీ చట్టం సెక్షన్ 66-ఎ కింద ఇంకా కేసులు నడుస్తుంటే ఆపమని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మన ఠాణాలకు తీర్పులు నడిచే వేగం అది.

లైంగిక హింస బాధితుల వీడియో ఎంత ఆగ్రహంతో పంచినా నేరమే. గుర్తింపు బయటపెడితే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ సెక్షన్ 72 కింద రెండేళ్ల దాకా జైలు. అలాంటిది మీకొస్తే ప్రచురణకు కాదు, దర్యాప్తుకే.

మీ బాక్సులో ఇవి చేర్చండి: ‘వీడియో డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైలు ఫోన్‌లోంచి తీసేయవద్దు, కోయవద్దు. తీసిన చోటు, తేదీ, సమయం విడిగా రాయండి. ఫోన్ అమ్మే ముందు మాకు చెప్పండి.’ డెస్కులో ఒక రిజిస్టరు పెట్టి ఫైలు అందిన సమయం, హ్యాష్ రాయండి. అసలు ఫైలు ఒక ఫోల్డరులో, మీరు కోసి వాడుకున్నది ఇంకో ఫోల్డరులో ఉంచండి. మూడేళ్లకు తక్కువ కాకుండా దాచండి. మూడేళ్ల దాకా శిక్షపడే నేరాలకు కేసు స్వీకరించే గడువు అంతే.

పంపినవారి పేరు మాత్రం ఆ రిజిస్టరులో రాయకండి. ‘మీ పేరు గోప్యంగా ఉంచుతాం’ అని బాక్సులో హామీ కూడా ఇవ్వకండి. సోర్సు చెప్పనక్కరలేదన్న రక్షణ 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలో ఉంది గానీ అది ఆ కౌన్సిల్ ముందు జరిగే విచారణలకే. కోర్టు అడిగితే అది మిమ్మల్ని కాయదు. ఆ సంగతి పంపేవాళ్లకు ముందే చెప్పండి. సాక్షిగా వస్తారా అని అడగండి. వచ్చేవారికి ముప్పుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక న్యాయవాది, హనుమకొండ