చేతికర్ర ఏ చేతిలో ఉండాలి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించు. ఇంట్లో అందరూ కులాసా, మనవలు బాగా చదువుకుంటున్నారు, మిగిలిన కబుర్లు మరోసారి రాస్తాను. నీ కుడి మోకాలికి మూడోసారి ఇంజెక్షను ఇవ్వబోతున్నారని చదివినప్పటి నుంచి, నాకు జరిగినది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

కిందటి ఏడాది చివరికి నేను గోడ పట్టుకోకుండా మెట్లు దిగలేని స్థితికి వచ్చాను. గుజ్జు అరిగిందని, కీలులోకి సన్నని గొట్టం పంపి లోపల శుభ్రం చేస్తే నొప్పి పోతుందని ఒక వైద్యుడు చెప్పగా దాదాపు ఒప్పుకున్నాను. సంతకం పెట్టే ముందు మరొకరిని అడగాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ఆ రెండో వైద్యురాలు 2002లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన గురించి ఓపికగా వివరించారు. అరిగిన మోకాళ్లున్న 180 మందిలో కొందరికి నిజంగానే కీలు శుభ్రం చేసి, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టివేశారట. రెండేళ్లు గమనించినా వారి నొప్పిలో తేడా కనిపించలేదట. ఆమె నన్ను ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు.

ఆయన నా మోకాలిని కాదు, తొడను పట్టుకుని చూశారు. చుట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టి, పది లెక్కపెట్టేవరకూ దానిని కిందికి నొక్కమన్నారు. ఎడమ కాలిలో చిప్ప పైనున్న కండరం రాయిలా బిగుసుకుంది. కుడి కాలిలో అది మెత్తగా ఉండి, నాలుగు అనేసరికే వణకసాగింది. నొప్పికి భయపడి కాలు కదపకపోవడం వల్ల తొడ చిక్కిపోయిందని, ఆ తొడ మోయవలసిన బరువు కూడా కీలు మీదే పడుతోందని అప్పుడు అర్థమైంది. తర్వాత ఆయన నా కుడిచేతిలోని కర్రను తీసి ఎడమచేతిలో పెట్టారు. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో కర్ర ఉండాలట, కాలూ కర్రా ఒకేసారి నేలకు ఆనాలట. నాలుగడుగులు వేయగానే తేడా తెలిసింది. ఏడాదిపాటు కర్రను తప్పు చేతిలో పట్టుకుని తిరిగాను మిత్రమా!

మొదటి రెండు వారాలు ఏ మార్పూ లేక చాలా విసుగుపడ్డాను. ఆరో వారంలో ఒక ఉదయం మెట్లన్నీ దిగిపోయిన తర్వాతే, గోడ పట్టుకోలేదన్న సంగతి గుర్తొచ్చింది. అక్కడే నిలబడిపోయాను. అమ్మ జ్ఞాపకం వచ్చింది. ఆమె చివరి పదేళ్లూ మంచానికీ కుర్చీకీ మధ్యే గడిచాయి. మోకాళ్లు ఇంకా అరిగిపోతాయి, నడవవద్దు అని రోజూ చెప్పినవాణ్ణి నేనే. ఎవరైనా అప్పుడే ఈ మాట... పోనీలే.

నీ సంగతికి వస్తాను. స్టెరాయిడ్ ఇంజెక్షను కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, కాదనను. అయితే మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన ఒక అధ్యయనంలో, మందు లేని ఉప్పునీటి ఇంజెక్షను పొందినవారికంటే స్టెరాయిడ్ పొందినవారికి గుజ్జు ఎక్కువగా తరిగిందని 2017లో ప్రకటించారు. నొప్పి విషయంలో మాత్రం వీరికి అదనపు మేలు కనిపించలేదు. నీకు రక్తపోటు ఉంది గనుక నొప్పి మాత్రలు రోజూ మింగవద్దు, అవి కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీయగలవు. మోకాలి మీద పూసే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు జెల్ వాడవచ్చునేమో మీ వైద్యుణ్ణి అడుగు. నువ్వు ఒక్క కిలో తగ్గినా, అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఇవన్నీ చేసినా రాత్రి నిద్రపట్టక, నాలుగడుగులు వేయలేకపోతే అప్పుడు కీలు మార్పిడికి భయపడవద్దు; అలా అమర్చిన కీళ్లలో నూటికి 80కి పైగా 25 ఏళ్లు నిలుస్తున్నాయని 2019లో లెక్క తేల్చారు.

గొడుగు విషయంలో నా మాట విననందుకు ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది, ఈసారైనా విను. రెండో ఇంజెక్షను ఎన్ని వారాలు పనిచేసిందో లెక్కవేసుకుని, మూడోది తీసుకునే ముందే ఆ మాట వైద్యుడికి చెప్పు. ఇంకొకటి, తువ్వాలు నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దు, ఎందుకంటే... ఉత్తరం పోస్టు చేసే అబ్బాయి గుమ్మంలో నిలబడ్డాడు. మిగిలినది రేపు రాస్తాను.

నీ
మిత్రుడు