సాయంత్రం ఆరు తర్వాత లైట్లు ఆపమన్న మీ నివేదికపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ కర్బన లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తప్పులు, మా గ్రాంటు సంస్థకు వెళ్లిన నివేదికను వెనక్కి తీసుకోవడం, రెండో ఏడాది చందా వాపసు గురించి.

నమస్కారం.

మాది 320 సీట్ల నాటకశాల. మేడ మీద రెండు గదుల గ్యాలరీ ఉంది. ఏడాదికి ఏడెనిమిది ఊళ్లు తిరిగే ట్రూపు ఉంది. జీతం మీద పనిచేసేది తొమ్మిది మందిమి. ఏటా పర్యావరణ నివేదిక ఇవ్వాలని మాకు గ్రాంటు ఇచ్చే సంస్థ షరతు పెట్టడంతో రెండేళ్ల కిందట మీ సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టాం. అప్పట్లో మీ ప్రతినిధి మా గ్రీన్‌రూమ్‌లోనే కూర్చుని, 'ఇది ప్రత్యేకంగా కళా సంస్థల కోసమే తయారుచేశామండీ' అన్నారు. నమ్మాను. కిందటి నెల వచ్చిన నివేదిక చదివాక తెలిసింది, ఆఫీసుల కోసం చేసిన సరుకు మీద 'కళలు' అని లేబుల్ అంటించి మాకు అమ్మారని.

ఊరికే అనడం లేదు. నివేదిక చివర 'మీకు సూచనలు' అనే పేజీ ఉంది. అందులో మొదటి సూచన ఇది: 'సాయంత్రం 6 తర్వాత లైట్లు, ఏసీలు ఆపేయండి.' మా తెర లేచేదే ఆరున్నరకి. మా లైటింగ్ కుర్రాళ్లు ఆ పేజీ ప్రింటు తీసి, స్టేజి లైట్ల వెలుగు పెంచే, తగ్గించే యంత్రాలుండే డిమ్మర్ గది తలుపుకు అంటించుకున్నారు. వాళ్లకది నవ్వులాట. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అదే నివేదిక మీ సిస్టమ్ నుంచి నేరుగా మా గ్రాంటు సంస్థకు వెళ్లిపోయింది.

దాని మొదటి పేజీలో ఎర్రక్షరాలతో '2020తో పోలిస్తే మీ ఉద్గారాలు నాలుగు రెట్లు' అని ఉంది. 2020 మార్చిలో మా హాలు మూతపడింది. మళ్లీ తెర లేవడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. ఆ రోజుల్లో మా దగ్గర వెలిగింది వాచ్‌మన్ గదిలో బల్బు, తిరిగింది నీళ్ల మోటారు. అలాంటి ఏడాదిని ఆధార సంవత్సరంగా పెడితే ఏం జరుగుతుంది? లంఖణాల్లో ఉన్నవాడి బరువు రాసుకుని, కోలుకున్నాక చూసి లావెక్కాడన్నట్టుంది. 2018, 2019 బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, అవి తీసుకోండని మొదటి రోజే మీ ఉద్యోగికి చెప్పాను. 'సిస్టమ్‌లో 2020 నుంచే ఉందండి' అని జవాబిచ్చారు. మీరు బ్రోషర్‌లో గొప్పగా చెప్పుకున్న, సంస్థల కర్బన లెక్కలకు అంతర్జాతీయంగా వాడే జీహెచ్‌జీ ప్రోటోకాల్‌ను ఒకసారి తెరిచి చూడండి. ఏదైనా ఒక్క ఏడాది మామూలుగా లేకపోతే వరసగా కొన్నేళ్ల సగటును ఆధారంగా పెట్టుకోవచ్చని 2004లో సవరించిన కార్పొరేట్ ప్రమాణంలోనే ఉంది. గ్రాంటు సంస్థ సమావేశంలో మాకు ఇచ్చింది అరగంట. అందులో ఇరవై నిమిషాలు ఈ నాలుగు రెట్ల సంగతి వివరించడానికే సరిపోయింది. కొత్త నాటకం ఊసెత్తే సమయమే లేదు.

ఆధార సంవత్సరం తప్పును ఒక పూటలో దిద్దుకోవచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టింది దుస్తుల లెక్క.

పోయినేడు రెండు కొత్త నాటకాలు వేశాం. ఒకటి చారిత్రక నాటకం, దానికి 22 మందికి ఆహార్యం కావాలి. మా దర్జీ పాత నాటకాల అంగరఖాలు, పైబట్టలు బీరువాల్లోంచి తీసి, కుట్లు విప్పి, కొలతలు మార్చి నెల రోజుల పాటు మళ్లీ కుట్టారు. మేం కొత్తగా కొన్నది దారం, లైనింగు గుడ్డ, కొన్ని గుండీలు. రెండోది ఇప్పటి కాలపు నాటకం. దర్శకుడు తొందరపడ్డాడు. దాంతో రెడీమేడ్ పాలిస్టర్ బట్టలు ఆన్‌లైన్‌లో చవగ్గా కొనేశాం. ఈ రెండో పని మాకూ నచ్చలేదు, అది వేరే సంగతి.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెంటికీ కలిపి ఉన్నది ఒకే గడి: 'దుస్తులు, ఖర్చు'. అందులో పడ్డ మొత్తాన్ని, రూపాయి ఖర్చుకు ఇంత కర్బనం అనే ఏదో ఒక గుణకంతో హెచ్చవేస్తుంది. దర్జీ కూలి ఎక్కడ చూపించాలని అడిగితే, దుస్తుల ఖర్చంతా అందులోనే వేయమని మీ వాళ్లే చెప్పారు. వేశాం. ఫలితంగా ఆయన వేలితో చేసిన నెల రోజుల పనిని మీ యంత్రం కొత్త బట్టల ఫ్యాక్టరీగా లెక్కేసింది. మరమ్మతు చేసుకున్న నాటకం పెద్ద కాలుష్యకారి, చవక పాలిస్టర్ కొన్న నాటకం బుద్ధిమంతురాలు! దాని కింద మళ్లీ సలహా: 'తక్కువ ధరకు ఇచ్చే సరఫరాదారును పరిశీలించండి.' ఆ వాక్యం నేను మా దర్జీకి చదివి వినిపించలేదు.

సెట్ల దగ్గరా ఇదే తంతు. పదేళ్లు దాటిన ప్లాట్‌ఫారాలు, ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే చట్రాలు) మేం ప్రతి నాటకానికీ రంగు మార్చి వాడతాం. వడ్రంగి కూలి పెరిగితే మీ లెక్కలో చెట్లు కొట్టినట్టు వస్తోంది. అదే సెట్టును ఆట అయిపోగానే విరిచి చెత్తబండి ఎక్కించి, మళ్లీ చవక ప్లైవుడ్ కొంటే మా అంకె తగ్గేది. ఖర్చును బట్టి ఉద్గారాలు అంచనా వేయడం తప్పని నేననను. వేరే సమాచారం లేనప్పుడు, ఎక్కడ బరువు ఎక్కువుందో మొదటిసారి చూసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ తగ్గించామా లేదా అని తేల్చడానికి ఆ కొలబద్ద పనికిరాదు. బ్రిటన్‌లో నాటకరంగం వాళ్లు 2021లో తెచ్చిన థియేటర్ గ్రీన్ బుక్ సామాను విషయంలో ముఖ్యంగా రెండు ప్రశ్నలు అడుగుతుంది: ఈ సామాను ఎక్కడి నుంచి వచ్చింది, ఆట ముగిశాక ఎక్కడికి వెళ్తుంది? ఆ 2021 ప్రతిలో బేస్‌లైన్ అనే ప్రమాణం అందుకోవాలంటే వాడే సామానులో సగం అంతకుముందు ఎక్కడో వాడినదై ఉండాలి, తర్వాత 65 శాతం మరో పనికి వెళ్లాలి. ఈ రెండు ప్రశ్నలకూ మీ గడుల్లో చోటే లేదు.

ఇప్పుడు మాకు లాభించిన తప్పు కూడా చెబుతాను. ఇది దాచుకుంటే మిగతా ఫిర్యాదుకు విలువుండదు.

హాలు ఏసీల్లో ఆర్-410ఏ అనే గ్యాసు ఉంటుంది. పోయినేడు పైపు జాయింటు లీకై రెండుసార్లు నింపించాం, మెకానిక్ బిల్లు ప్రకారం మొత్తం 3 కిలోలు. ఆ గ్యాసు ఒక్క కిలో గాల్లో కలిస్తే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే మేం ఆరు టన్నులకు పైగా వదిలేశాం. లీటరు డీజిల్ కాలిస్తే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, మా జనరేటర్ సుమారు 2,300 లీటర్లు తాగితే ఎంతో ఇదీ అంతే. మా జనరేటర్ ఏడాదంతా కలిపినా అందులో నాలుగో వంతు తాగదు. ఇంత పెద్ద పద్దు గురించి మీ సాఫ్ట్‌వేర్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గ్రీన్‌రూమ్‌లో కాగితాలు ఎన్ని రీములు వాడారని మాత్రం మూడు చోట్ల అడిగింది. మెకానిక్ బిల్లు చూసి అనుమానం వచ్చి నేనే లెక్కేసుకున్నాను. జాయింటు మార్పించాం.

గ్యాలరీ విషయంలో మీ సలహా నవ్వులాటతో పోయేది కాదు. అక్కడ చెక్క ముఖాలు, తోలుబొమ్మలు, బట్ట మీద వేసిన పాత చిత్రాలు ఉన్నాయి. రాత్రిపూట ఏసీ ఆపేస్తే గాలిలో తేమ ఒక్కసారిగా మారుతుంది, పొద్దున్నే మళ్లీ వేస్తే ఇంకోసారి. చెక్క పగిలేది, తోలు ముడుచుకునేది, రంగు పొట్టులా లేచేది ఈ ఎగుడుదిగుళ్ల వల్లే. పెద్ద మ్యూజియాలు ఒకప్పుడు 20, 21 డిగ్రీల దగ్గర, 50 శాతం తేమ దగ్గర గీత గీసుకుని కూర్చునేవి. దానికి కరెంటు విపరీతంగా ఖర్చయ్యేది. మ్యూజియాల అధిపతుల బృందం తెచ్చిన బిజో గ్రీన్ ప్రోటోకాల్ ఆ గీతను సడలించింది. చాలా రకాల వస్తువులకు 16 నుంచి 25 డిగ్రీలు, 40 నుంచి 60 శాతం తేమ చాలు, కానీ 24 గంటల్లో తేమ 10 శాతానికి మించి అటూ ఇటూ కదలకూడదు అంటుంది. కరెంటు ఆదా చేసే దారి అక్కడుంది. హద్దులు వెడల్పు చేసుకోండి, మార్పు మాత్రం మెల్లగా జరగనివ్వండి అని ఉండాల్సిన చోట, స్విచ్ ఆపేయండని రాశారు. మా క్యురేటర్ ఆ పేజీ చూసి కాసేపు మాట్లాడలేదు.

మిగతావి క్లుప్తంగా. కరెంటుకు ఏ గ్రిడ్ గుణకం (యూనిట్‌కు ఎంత కర్బనం అన్న అంకె) వాడారో, అది ఏ ఏడాదిదో నివేదికలో ఎక్కడా లేదు. బొగ్గు మీద నడిచే గ్రిడ్‌లో యూనిట్‌కూ, జలవిద్యుత్తు ఎక్కువున్న గ్రిడ్‌లో యూనిట్‌కూ ఎన్నో రెట్లు తేడా. మేం వెయ్యి వాట్ల పాత ల్యాంపులు 24 తీసేసి ఎల్ఈడీలు పెట్టాం. మా అంకెలో తగ్గిందెంత మా లైట్ల వల్ల, ఎంత గ్రిడ్ వల్ల అన్నది విడదీసి చూపించకపోతే మేం చేసిన పని మాకే కనబడదు. ప్రేక్షకుల రాకపోకలకు ప్రతి టికెట్టుకూ ఒక కారు ప్రయాణం అని మీరే ఊహించేసుకున్నారు. రెండు ప్రదర్శనలప్పుడు క్యూలో చీటీలు పంచి, ఎలా వచ్చారని అడిగి రాసుకున్నాం. ఆ వివరాలు ఎక్కించే గడి లేదు. చివరి బస్సు అందేలా ఆటను అరగంట ముందుకు జరిపాం, అదీ లెక్కలోకి రాలేదు. చాలా వేదికలకు అన్నిటికన్నా పెద్ద పద్దు ప్రేక్షకుల ప్రయాణమే. దాన్ని ఊహతో నింపేస్తే, మేం ఏం చేసినా ఏడాదికేడాది టికెట్లు అమ్మిన కొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. హాలు నిండితే మాకు శిక్షన్నమాట.

ఈ తప్పుల మీద మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ఒకే ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. మనిషి గొంతు వినిపించింది ఒక్కసారే. నివేదిక వచ్చిన మర్నాడే మీ సేల్స్ విభాగం నుంచి ఒకాయన ఫోన్ చేసి, 'మేడమ్, క్రెడిట్లు కొంటే ఎరుపు పోయి ఆకుపచ్చ బ్యాడ్జి వచ్చేస్తుంది' అన్నారు. క్రెడిట్లంటే, వేరేచోట ఎవరో తగ్గించిన కర్బనాన్ని డబ్బిచ్చి మన ఖాతాలో రాసుకోవడం. ఎరుపు ఎందుకొచ్చిందో మాత్రం ఆయనకు తెలియదు. తప్పు లెక్కతో భయపెట్టి, ఆ భయానికి మందు అమ్మడం అంటారు దీన్ని. ఎక్కడో ఎవరో నాటే చెట్ల పేరుతో మా పైపు లీకును ఆకుపచ్చగా చూపించుకునే ఉద్దేశం మాకు లేదు.

కళా సంస్థలను కొలవడం కష్టం, అందుకే ఇలా అయిందని మీరు రాయవచ్చు. కష్టమే, కాదనను. కానీ ఎవరికీ చేతకాని పనైతే కాదు. ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ తాను నిధులిచ్చే ప్రధాన సంస్థలకు 2012లోనే పర్యావరణ నివేదికను షరతు చేసింది. 2007లో లండన్‌లో మొదలైన జూలీస్ బైసికిల్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఆ పనిలో వాళ్లకు తోడు నిలిచింది. భవనానికి, పర్యటనకు, ఉత్సవానికి లెక్క ఒకేలా ఉండదని గుర్తించి, అందరికీ అందుబాటులో ఉండే కాలిక్యులేటర్లు తయారుచేసింది. అక్కడ ఉచితంగా దొరికే ఆలోచన ఇక్కడ చందా కట్టినా దొరకలేదంటే మీరే చెప్పాలి.

మాకు కావలసినవి ఇవి. మొదట, మా గ్రాంటు సంస్థకు మీ లెటర్‌హెడ్ మీద, ఆ నివేదికను వెనక్కి తీసుకుంటున్నామని, ఆధార సంవత్సరం తప్పు మీదేనని ఉత్తరం రాయాలి. వాళ్ల తదుపరి సమీక్ష ఆరు వారాల్లో ఉంది కాబట్టి ఇది 15 రోజుల్లో జరగాలి. తర్వాత 2018, 2019 సగటు ఆధారంగా లెక్క మళ్లీ వేసి, ప్రతి పద్దు పక్కన వాడిన గుణకం ఎంతో, ఏ ఏడాదిదో, ఎక్కడి నుంచి తీసుకున్నారో రాసి ఇవ్వాలి. బట్టలు, సెట్ల సామాను కిలోల్లో, కొత్తదా పాతదా అన్న వివరంతో ఎక్కించే వీలు కల్పించాలి. గ్యాసు పద్దు చేర్చి మా ఆరు టన్నులూ అందులో చూపించండి, దానికి నాకేం అభ్యంతరం లేదు. గ్యాలరీ సలహాను మాకే కాదు, అది వెళ్లిన ప్రతి సంస్థకూ సవరించి పంపాలి, ఎవరైనా దాన్ని నిజంగా పాటించక ముందే. రెండో ఏడాది చందా పూర్తిగా వాపసు ఇవ్వాలి. ఇవేవీ చేయలేమంటే, మేం రెండేళ్లుగా ఎక్కించిన వివరాలన్నీ మామూలు స్ప్రెడ్‌షీట్‌లో తిరిగి ఇచ్చేయండి. మా లెక్క మేమే చేసుకుంటాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలని మా కార్యవర్గం తీర్మానించింది.

దయచేసి మళ్లీ ఆటోమేటిక్ మెయిల్ పంపవద్దు. మీ సాంకేతిక విభాగం నుంచి ఎవరినైనా పంపండి. దర్జీ గది, సామాను గోదాం, ఏసీ ప్లాంటు అన్నీ నేనే దగ్గరుండి చూపిస్తాను. వచ్చేవాళ్లు సాయంత్రం ఆరు దాటాక రావాలి. అప్పుడైతే లైట్లు వెలుగుతుంటాయి.

ఇట్లు,
నిర్వాహకురాలు,
నాటకశాల కార్యవర్గం తరఫున

జతపరచినవి: 2018, 2019 కరెంటు బిల్లుల నకళ్లు, ఏసీ మెకానిక్ బిల్లులు రెండు, ప్రేక్షకుల చీటీల మొత్తాలు, డిమ్మర్ గది తలుపు ఫొటో.