చూరు పైన ఎండ, చూరు కింద చీకటి

ఒరేయ్ రఘూ,

సింగపూర్ తెలోక్ అయర్ వీధిలో థియన్ హాక్ కెంగ్ గుడికి కెమెరా పట్టుకెళ్తున్నావట! మంచి గుడే ఎంచుకున్నావు. 1839లో మొదలుపెట్టి 1842కి పూర్తిచేశారు. చైనాలోని ఫూజియెన్ నుంచి ఓడలెక్కి వచ్చిన హొక్కియెన్ జనం, క్షేమంగా ఒడ్డుకి చేర్చినందుకు సముద్ర దేవత మాజు అమ్మవారికి కట్టుకున్న గుడి. అప్పట్లో సముద్రం గుడి ముందు దాకా ఉండేది. దాన్ని పూడ్చేశారు, ఇప్పుడు చుట్టూ టవర్లే. గుడి మొత్తం ఒక్క ఫ్రేములో పెట్టాలనుకున్నావా, అవి కూడా దూరిపోతాయి. కాబట్టి ఆ ఆశ వదిలెయ్, ముక్కలు ముక్కలుగా తియ్యి.

అసలు చిక్కు చూరుతో వస్తుంది. చూరు పైన మండే ఎండ, కింద చీకటి. మధ్యలో నాలుగైదు స్టాప్‌ల తేడా (ఒక్కో స్టాప్‌కీ వెలుగు రెట్టింపు). ఒకే ఎక్స్‌పోజర్‌లో రెండూ దక్కవు. పైకప్పు వెలుగుకి కొలిస్తే దూలాలు నల్లటి ముద్దవుతాయి, దూలాలకి కొలిస్తే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. పైకప్పుని పొద్దున, చూరు కింది పనిని మబ్బు పట్టినప్పుడు తీసుకో.

గుడి ముఖం ఆగ్నేయానికి. మన వాస్తువాళ్ళు ముఖం చిట్లిస్తారేమో గానీ సముద్రం అటే ఉండేది మరి. నువ్వు గుడికి ఎదురుగా నిలబడితే పొద్దుటి ఎండ కుడి పక్క నుంచి ఏటవాలుగా పడుతుంది. జూన్‌లో సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి గోడని రాసుకుంటూ వచ్చే వెలుగులో రాతి చెక్కడాలు లేచి కనిపిస్తాయి. డిసెంబర్‌లో కాస్త ఎదురుగా పడుతుంది, చెక్కడం చదునైపోతుంది. మధ్యాహ్నం మాత్రం వెళ్ళకు.

పైకప్పు నడికొప్పు మీద డ్రాగన్లు, వాటి మధ్య ముత్యం, చివర పిట్ట తోకలా చీలి పైకి లేచిన కొనలు ఉంటాయి. ఆ డ్రాగన్ల ఒళ్ళు చూడు. అది రంగు కాదు, పింగాణీ గిన్నెల్ని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి, సున్నపు బొమ్మ మీద ఒక్కో పెంకూ పొలుసులా అతికించిన పని. జియెన్‌నియెన్ అంటారు, అంటే కత్తిరించి అతికించడం. 200 ఎం.ఎం. లెన్సు, ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 20 మీటర్ల దూరం నుంచి సుమారు 3.6 మీటర్ల వెడల్పు పడుతుంది. ఎదుటి పేవ్‌మెంట్ మీదికి వెళ్ళు. మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పెట్టొచ్చు గానీ చివరిదాకా తిప్పేయకు. పెంకుల మీద చిన్న మెరుపు పోతే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది.

చూరు కింద దూలాన్ని మోసే చెక్క గుత్తులున్నాయే, వాటిని దౌగొంగ్ అంటారు. ఒక దిమ్మ, దాని మీద విల్లులా వంగిన చేయి, మళ్ళీ దిమ్మ, ఇలా పేర్చుకుంటూ పోయారు. మేకు కొట్టకుండా గాడుల్లో ఇమిడేలా బిగించారు. కింద నుంచి నిట్టనిలువుగా తీస్తే ఏది దేని మీద ఉందో తెలీదు. 45 డిగ్రీల పక్కకి జరిగి, అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/8 పెట్టు.

ఇక ఎరుపు మోసం చేస్తుంది. మామూలు హిస్టోగ్రాం (వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, ఇంటికెళ్ళి చూస్తే ఎర్ర రంగేసిన చెక్క మీద నగిషీ మాయమై ఒట్టి ఎర్రటి అట్ట మిగులుతుంది. ఎరుపు చానెల్ ఒక్కటే ముందు నిండిపోతుంది కదా. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రాం పెట్టుకుని మూడింట రెండు స్టాప్ తగ్గించి తియ్యి. లోపల బంగారు రేకు పని దగ్గర ఫ్లాష్ వద్దు, తెల్లటి మచ్చ పడుతుంది. బంగారం మీద పోలరైజర్ పనిచెయ్యదు, నువ్వే అడుగు పక్కకి జరగాలి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సరిచూపు) ఆటోలో పెట్టకు, వెలుగు మారినప్పుడల్లా బూడిదరంగు గ్రే కార్డుతో కుదుర్చుకో.

ద్వారపాలకుల బొమ్మలు తలుపుల మీదే వేసి ఉంటాయి. తలుపులు తీస్తే జంట విడిపోతుంది, అందుకని తెరవకముందే చేరుకో. రాతి సింహాల దగ్గర వాటి కళ్ళ ఎత్తుకి వంగి తియ్యి. మగదాని కాలికింద బంతి, ఆడదాని కాలికింద పిల్ల ఉండాలి, చూసుకో.

గడప ఎత్తుగా ఉంటుంది. మన ఇళ్ళలోలాగే దాటాలి, తొక్కకూడదు. ఫొటో కోసం దాని మీద నిలబడ్డావో, ఎవరో ఒక ముసలాయన చేత చివాట్లు ఖాయం. అమ్మవారి విగ్రహాన్నీ, దండం పెట్టుకునేవాళ్ళనీ అడక్కుండా తియ్యకు. ట్రైపాడ్‌కీ అంతే, ముందే అడుగు.

దౌగొంగ్ ఫొటోలు ముందు నాకు పంపు. వాట్సాప్‌లో కాదురా, కెమెరా కుదించకుండా దాచే రా (RAW) ఫైళ్ళు.

నీ
సూరి