ఆరని రంగు మీద బబుల్ ర్యాప్: మా కస్టమర్లకు ఒక మాట

పోయిన నెలలో ఒక గ్రూప్ షోకి మేం ఫ్రేమ్ కట్టి పంపిన నాలుగు ఆయిల్ పెయింటింగుల్లో ఒకటి పాడైంది. ఈ సంగతి ఇప్పటికే మీలో కొందరి చెవిన పడింది. పూర్తిగా మా నోటే వింటే మంచిదని రాస్తున్నాను.

ఓపెనింగ్‌కి ముందు రోజు గ్యాలరీలో ప్యాకింగ్ విప్పాం. ఎదురుగా నిలబడి చూస్తే అంతా బాగానే ఉంది. లైటు పక్క నుంచి పడేసరికి, కింద కుడివైపు నల్లటి భాగం మీద వరసగా చిన్న చిన్న గుండ్రటి గుంటలు, మశూచి మచ్చల్లా. బబుల్ ర్యాప్ అచ్చు. ఆర్టిస్టు చాలాసేపు చూసి, "ఆరిపోయిందని మీకు చెప్పింది నేనే కదండీ" అన్నారు. అది ఆవిడ మంచితనం. తప్పు మాత్రం నాదే. నేను వేలు పెట్టి చూసింది అంచున ఉన్న మట్టిరంగు మీద. నలుపుని ముట్టుకోనే లేదు.

ఆయిల్ రంగు తడిబట్టలా నీరు ఆవిరై ఆరేది కాదు. అందులోని అవిసె నూనె గాలిలో ఆక్సిజన్‌ని పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. పైన పొర కట్టినా, మందంగా వేసిన చోట లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. పైగా అన్ని రంగులూ ఒకేలా ఆరవు. అంబర్ లాంటి మట్టిరంగులు కొద్ది రోజుల్లో పట్టేస్తాయి. ఐవరీ బ్లాక్ అనే నలుపు, కాడ్మియం రంగులు బాగా ఆలస్యం చేస్తాయి. ఆ పెయింటింగ్‌లో నలుపంతా రంగు పూసే కత్తితో దట్టంగా వేసిందే. యాక్రిలిక్ వాడేవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. అది గంటలో ఆరినా వేడికి మళ్లీ మెత్తబడుతుంది, మూసిన వ్యాన్‌లో ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది.

మీ తొందర నాకు తెలియనిది కాదు. పెద్ద నగరంలో స్టూడియో అంటే చాలామందికి ఒక గది, అదీ ఇంకొకరితో పంచుకున్నది. కొత్త కాన్వాస్ ఎక్కాలంటే పాతది గోడ దిగాలి. షో తేదీ ముందే ఖరారవుతుంది, ఆఖరి రెండు బొమ్మలు ఆఖరి వారంలోనే తేలతాయి. అక్కణ్ణుంచి నేరుగా మా దగ్గరికి వస్తాయి. అర్జంట్ అంటే మేమూ కాదనలేదు, ఎక్స్‌ట్రా తీసుకుని చేశాం. ఆవిడ విషయంలో ఆ డబ్బు, ఫ్రేమ్ డబ్బు రెండూ తిరిగి ఇచ్చేశాను. బొమ్మ మాత్రం షోలో పెట్టలేదు.

ఇక నుంచి అర్జంట్ పని బంద్. ఆయిల్ అయితే ఆఖరి పొర ఏ రోజు వేశారో, ఎక్కడ మందంగా ఉందో రసీదు మీద రాసి సంతకం చేయాలి. మందంగా ఉన్న చోటే చూస్తాం, అనుమానం ఉంటే తీసుకోం. షో తప్పదంటే ఫ్లోట్ ఫ్రేమ్ ఒక్కటే దారి. అందులో కాన్వాస్‌ని వెనక నుంచి బిగిస్తాం, ముందువైపు ఏదీ తగలదు. అలాంటి వాటిని చుట్టకుండా, నాలుగు మూలలే పట్టి ఉంచే పెట్టెలో నిలబెట్టి పంపుతాం. రవాణా ఖర్చు పెరుగుతుంది, అది మీదే.

కొందరు ఆయిల్ మీద అద్దం అడుగుతున్నారు, ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ పెట్టించేవాడు కదా అని. నిజమే, అద్దం, బంగారు పూత ఫ్రేమ్ ఆయన పట్టుబట్టి పెట్టించుకునేవాడు. కానీ పచ్చిగా ఉన్న బొమ్మకి అద్దం బిగిస్తే లోపలివైపు మసకగా పొర పట్టొచ్చు. బాగా ఆరినవాటికే, మధ్యలో ఖాళీ వదిలి పెడతాం. వార్నిష్‌కి కూడా ఆరు నెలల నుంచి ఏడాది ఆగమనే మా మాట.

వెనక గదిలో ఆరబెట్టే రాక్ ఒకటి కట్టించాను. పన్నెండు కాన్వాసులు పడతాయి, నాలుగడుగుల లోపువి. మా దగ్గర ఫ్రేమ్ కట్టించుకునేవాళ్లకి అద్దె లేదు. కిటికీ ఉన్న గదే ఎంచుకున్నాను, ఎందుకంటే చీకట్లో ఉంచితే అవిసె నూనె పసుపెక్కుతుంది. మీ స్టూడియోలో కూడా తడి బొమ్మల్ని గోడవైపు తిప్పి పెట్టకండి. ఇప్పటికి ఏడు నిండాయి, ఐదు ఖాళీ. ముందు ఫోన్ చేసి రండి.