వసంతపు పొదలకు రోహిణి కార్తె పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

మాఘమాసం ముగిసేసరికి హైదరాబాదులో ఏ నర్సరీ ముందు చూసినా పూల కుండీలు బారులు తీరి ఉంటాయి. హైడ్రేంజియా, అజేలియా వంటి చలిదేశాల మొక్కలు నిండుగా విచ్చుకుని పిలుస్తుంటే కొనకుండా రావడం కష్టమే. వసంతకాలపు తోటల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలకూ తరచుగా అవే బొమ్మలు వేస్తున్నారు. మల్కాజిగిరిలో ఒక చిన్న పెరటిని చాలా ఏళ్లుగా చూసుకుంటున్న గృహిణిని కనుక, ఈ విషయంలో నాకు తెలిసింది తోటి పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

చలిదేశాల్లో వసంతమంటే మంచు కరిగి నేల మెత్తబడే కాలం. మనకు మాత్రం చైత్రం వెనకాలే 40 డిగ్రీలు దాటే ఎండలు, అడుగంటే బోర్లు, ట్యాంకరు కోసం ఎదురుచూపులు వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నది ఈ నేలను చూసే. అందువల్ల ఒక పొదను ఎంచుకునేటప్పుడు, ఈ రోజు ఎన్ని పూలున్నాయన్నది పక్కనపెట్టి, మే నెలాఖరులో వారానికి రెండు బకెట్ల నీళ్లతో ఇది నిలబడుతుందా అని అడగాలి. ఒక ఏడాది ఉగాదికి ముందు నేను ముచ్చటపడి పద్నాలుగు మొక్కలు తెచ్చి నాటాను. రెండు పూటలా నీళ్లు పోసినా ఏప్రిల్ ముగిసేలోగా ఆకుల అంచులు నిప్పు సోకినట్టు నల్లబడి, ఒక్కొక్కటే వాడిపోయాయి. అదే పెరటి మూలన ఎవరూ పట్టించుకోని గన్నేరు ఆ ఎండలోనే గుత్తులు గుత్తులుగా పూసింది. నా కళ్లు తెరిపించింది అదే.

గన్నేరుకు కావలసిందల్లా రోజంతా ఎండ, నీరు నిలవని నేల. అయితే దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే కాబట్టి, పసిపిల్లలూ పశువులూ తిరిగే చోట నాటకూడదు, ఎండిన పుల్లలను పొయ్యిలో పెట్టకూడదు. అలాంటి ఇళ్లవారు పచ్చగన్నేరు జోలికీ పోవద్దు. కొంచెం నీడపడే గోడ పక్కకు నందివర్ధనమే మంచిది. సాయంత్రం విచ్చుకునే ఆ తెల్లని పూలు రాత్రంతా సన్నగా పరిమళిస్తాయి, పొద్దున దేవుడి పూజకు సజ్జ నిండుతుంది. మందారం కూడా పూస్తుంది కానీ, వేసవిలో పిండినల్లి పట్టకుండా వేపనూనె చల్లుతూ ఉండాలి. నూరువరహాలు నాకెంతో ఇష్టమైనా, ఉప్పు బోరునీళ్లు తప్ప వేరే దిక్కులేని ఇళ్లలో ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపు తిరిగిపోతుంది కనుక, ఎవరికీ గట్టిగా చెప్పలేను.

కాగితపు పూల మొక్క సంగతి వేరుగా చెప్పాలి. మా ప్రహరీ పక్కన నాటిన మొక్కకు రెండేళ్లు రోజూ నీళ్లు పోశాను. ఆకు తప్ప పువ్వు లేదు. మూడో ఏడు సంక్రాంతి నుంచి నీళ్లు తగ్గించి, ఆకు కాస్త వాలినప్పుడు మాత్రమే పోస్తూ వచ్చాను. శివరాత్రి నాటికి గోడంతా ఎర్రబడింది. దగ్గరికి వెళ్లి చూస్తే మనం రేకులనుకునేవి నిజానికి రంగు తిరిగిన ఆకులు. ఒక్కో గుత్తిలో అవి మూడుంటాయి, వాటి నడుమ వత్తి అంత సన్నని గొట్టాల చివర తెల్లగా విచ్చుకున్నవే అసలు పూలు. పూత అయిపోగానే కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ల మీద మళ్లీ పూస్తుంది.

ఇక తంగేడు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర పుష్పంగా గౌరవం పొందిన ఈ పొద, బతుకమ్మకు తప్ప మనకు గుర్తురాదు. గరప నేలల్లో, బండరాళ్ల సందుల్లో, ఎవరూ చుక్క నీరు పోయకపోయినా పెరిగే మొక్కకు ఇంటి తోటలో చోటు లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. దీని నిండు పూత భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లోనే అయినా, మిగతా నెలల్లోనూ అడపాదడపా పూస్తూనే ఉంటుంది. నేను అడిగిన నర్సరీల్లో ఎక్కడా దొరకలేదు. చివరకు ఊరి బయట ఎండుకాయలు కోసుకొచ్చి, గింజలను వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, సంచుల్లో విత్తాను. తల్లివేరు లోతుకు దిగే మొక్క కనుక చిన్నగా ఉన్నప్పుడే నేలలోకి మార్చాలి.

నాటే కాలం గురించి ఒక మాట. వసంతంలో పూయవలసిన పొదను వసంతంలో నాటడమే మనం చేస్తున్న పొరపాటు. మృగశిర కార్తె ప్రవేశించి, రెండు మంచి వానలు పడ్డాక, అడుగున్నర గుంత తీసి, చివికిన పశువుల ఎరువూ గుప్పెడు వేపపిండీ కలిపి నాటితే, వానకాలం నాలుగు నెలలూ వేరు దిగడానికి చాలు. మొదటి వేసవిలో మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పి, అప్పుడప్పుడూ నీళ్లిస్తే, రెండో వేసవి నుంచి మొక్క తన పని తాను చూసుకుంటుంది. గన్నేరు, నందివర్ధనం కొమ్మలు వానల్లో నాటినా బతుకుతాయి కాబట్టి, పక్కింటివారిని అడిగితే ఖర్చు కూడా ఉండదు.

కనుక నా విన్నపం రెండు మాటలు. తోటల వ్యాసాలను ఫాల్గుణంలోనే కాకుండా జూన్ మొదటి వారంలోనూ ప్రచురించండి. వాటిలో ఈ నేల మొక్కల పేర్లూ పెంపకమూ రాయించండి. ఉద్యానశాఖవారు ఈ లేఖ చూస్తే, వచ్చే వానకాలానికి కాలనీ పార్కుల కోసమైనా తంగేడు నారు పెంచి అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాదు