ఆదివారం పేజీలో రాగం పజిల్ పెట్టండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక ఆట, అక్క ఫోన్‌లో 20 సెకన్ల క్లిప్ వినిపిస్తుంది, ఏ రాగమో మేం చెప్పాలి. శంకరాభరణం, కల్యాణి దగ్గరే అందరం తడబడతాం, 72 మూల రాగాల (మేళకర్తల) వరసలో 29వదైన శంకరాభరణానికీ 65వదైన కల్యాణికీ తేడా ఒక్క మధ్యమమే, అంటే ‘మ’ స్వరమే కదా, ఆ ముక్కలో మధ్యమం పడకపోతే ఎంత పాడేవాళ్లైనా ఏం చెప్తారు! మొన్న హిందోళం పెడితే పక్కింటి ఒడియా ఆంటీ హిందుస్తానీ సంగీతంలోని మాల్‌కౌన్స్ రాగం అన్నారు, స్వరాలు అవే కాబట్టి ఆవిడకీ మార్కు ఇచ్చేశాం, నాకైతే చాలా సంతోషమేసింది. మీరు పదవినోదం వేస్తున్నట్టే క్యూఆర్ కోడ్‌తో వారానికో క్లిప్ పెట్టండి సార్, జవాబు పై వారం. మధ్యమం ఉన్న ముక్కే కత్తిరించండి, ప్లీజ్.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా